చర తారల పరిశీలనలో ఔత్సాహికులు

కాలక్రమంలో వెలుగు పెరుగుతూ తరుగుతూ ఉండే నక్షత్రాలను చర తారలు అంటారు. తిమింగలం రాశిలోని మైరా ఇలాంటిదని 1596లో గమనించిన డేవిడ్ ఫాబ్రిసియస్ చర్చిలో మతబోధకుడు. అమెరికాలో 1911లో చర తారల పరిశీలకుల సంఘాన్ని నెలకొల్పిన విలియం టైలర్ ఆల్కాట్ న్యాయశాస్త్రం చదివినవాడు. అవిభక్త బెంగాల్‌లోని జెస్సోర్‌కు చెందిన, ఆ సంఘానికి 37 వేలకు పైగా పరిశీలనలు పంపిన రాధాగోవింద చంద్ర ట్రెజరీ ఉద్యోగి. హైదరాబాదులో విద్యార్థిగా ఉన్నప్పుడే చర తారలపై పనిచేసిన వైను బప్పు తర్వాత కావలూరు వేధశాలకు రూపుదిద్దాడు. ఈ శాస్త్రశాఖను పెంచినవారిలో ఔత్సాహికులది పెద్ద పాలు. వారి అవసరం నేటికీ తీరలేదు.

కంటి అంచనాను శాస్త్రం ఎలా నమ్మాలన్నది మొదటి అభ్యంతరం. పరిశీలకుడు వెలుగును ఊహించి రాయడు. ప్రకాశ తరగతి (వెలుగు కొలమానం) ముందే తెలిసిన రెండు తారలను, ఒకటి ఎక్కువ వెలుగుది, మరొకటి తక్కువది, ఎంచుకుని, చర తార వాటి మధ్య ఎక్కడుందో తేలుస్తాడు. ఎర్ర తారను ఎక్కువసేపు చూస్తే ఉన్నదానికంటే వెలుగుగా తోస్తుంది కాబట్టి చప్పున చూసి చూపు తిప్పుకోవాలి. ఇంత చేసినా తరగతిలో ఒకటి రెండు పదో వంతుల తేడా మిగులుతుంది. మైరా దాదాపు 332 రోజులకోసారి సుమారు 6 తరగతుల మేర మారుతుంది. అంత మార్పు ముందు ఆ తేడా లెక్కలోకి రాదు. పలువురి అంచనాలను కలిపితే అది ఇంకా తగ్గుతుంది.

యంత్రాలే రాత్రంతా ఆకాశాన్ని జల్లెడ పడుతుంటే మనుషులెందుకన్నది ఇంకా బలమైన ప్రశ్న. మసక తారల విషయంలో యంత్రానిదే పైచేయి. అయితే మసక వెలుగు కోసం చేసిన కెమెరాలో ఆర్ద్ర వంటి ఉజ్జ్వల తార బొమ్మ మాడిపోయి కొలత దక్కదు. 2020 ఫిబ్రవరిలో ఆర్ద్ర 1.6 తరగతి దాకా మసకబారినప్పుడు ఔత్సాహికుల లెక్కలూ అక్కరకొచ్చాయి. హంస రాశిలోని ఎస్ఎస్ సిగ్ని అనే జంట తార ఉదంతం మరీ స్పష్టం. హబుల్ టెలిస్కోపు కొలతలు చెప్పిన సుమారు 520 కాంతి సంవత్సరాల దూరమే నిజమైతే, దాని ఉద్దీపనలను, అంటే ఉన్నట్టుండి వెలుగు పెరగడాన్ని, వివరించే సిద్ధాంతం నిలవదు. రేడియో కొలతతో సరిచూద్దామంటే ఆ తార ఉద్దీపన వేళల్లోనే అందుకు తగినంత రేడియో తరంగాలు వెలువరిస్తుంది. ఔత్సాహికులు కనిపెట్టి కబురందించాకే రేడియో టెలిస్కోపులు అటు తిరిగాయి. 2013లో వెలువడిన ఫలితం సుమారు 370 కాంతి సంవత్సరాలు. సిద్ధాంతం నిలిచింది.

ఈ పనికి టెలిస్కోపు ఉండి తీరాలని లేదు. చలికాలపు రాత్రుల్లో ఆర్ద్రను రోహిణితోనూ ప్రోసియన్‌తోనూ పోల్చి, తేదీ, వేళ, అంచనా రాసిపెట్టడంతో ఎవరైనా మొదలుపెట్టవచ్చు.