ఆకాశమునకు పోయి వచ్చిన కోడిగ్రుడ్డు

కోడిగ్రుడ్డుకును, రాకెట్టుకును సంబంధ మేమని శ్రోతలకు సందేహము కలుగవచ్చును. ఒకటి వంటయింటి వస్తువు. రెండవది ప్రయోగశాల వస్తువు. కాని అమెరికా దేశమున 1960, 1970 దశాబ్దములలో బాల్యము గడపిన వారిలో కొందరిని ఈ ప్రశ్న అడిగినచో వారి ముఖములు వికసించును. కాగితపు గొట్టముతోను, తేలిక కఱ్ఱ రెక్కలతోను తమ చేతులతో చేసికొనిన చిన్న రాకెట్టు, దాని శిరోభాగమున కూర్చుండబెట్టిన పచ్చిగ్రుడ్డు, అది పగులక తిరిగి వచ్చునా రాదా యని ఊపిరి బిగబట్టి చూచిన క్షణములు వారికి జ్ఞాపకము వచ్చును. నాటి బాలురు నేడు అరువది, డెబ్బది యేండ్ల పెద్దలు. ఆ కాలమున అమ్మిన విడిభాగముల పెట్టెలను ఇప్పటికిని వెదకి కొనువారు వారిలో కలరు.

ఇది కేవలము బాల్యవ్యామోహ మని త్రోసివేయ వచ్చును. కాని ఈ వినోదము యొక్క చరిత్రను పరిశీలించినచో, పెద్దల అంతరిక్ష చరిత్రలో తఱచు మఱుగుపడు ఒక విషయము ఇందు స్పష్టముగా కనబడును. పైకి పోవుట సగము పని మాత్రమే. చెడక తిరిగి వచ్చుట తక్కిన సగము.

1957 అక్టోబరు 4వ తేదీన సోవియట్ యూనియను స్పుట్నిక్కును భూమి చుట్టును తిరుగునట్లు ప్రయోగించెను. అది పంపిన 'బీప్, బీప్' అను ధ్వనిని దేశదేశముల ఔత్సాహికులు తమ రేడియో యంత్రములలో పట్టి వినిరి. నెల దినములకే, నవంబరు 3న, రెండవ స్పుట్నిక్కులో లైకా అను కుక్క ప్రయాణము చేసెను. దానిని పంపుటకు ఏర్పాటు కలదు. తిరిగి తెచ్చుటకు ఏర్పాటు లేదు. నాటి పందెము ప్రధానముగా ఎత్తును గూర్చిన పందెము. ఎవరు ముందు పోయిరి, ఎంత దూరము పోయిరి అనునదే లోకమునకు కావలసిన వార్త.

ఆ ఉత్సాహము అమెరికా బాలురకు సోకినది. కాని వారికి రాకెట్టు చేయు విధానము నేర్పువారు లేరు. ఇండ్ల నేలమాళిగలలో, పెరటి పాకలలో లోహపు గొట్టములను సంపాదించి, వానిలో జింకు పొడిని, గంధకమును దట్టించి నిప్పంటించిరి. అట్టి గొట్టము రాకెట్టుగా ఎగురుటకును, బాంబుగా ప్రేలుటకును మధ్య భేదము స్వల్పము. వ్రేళ్లు పోగొట్టుకొనినవారు, కన్నులు పోగొట్టుకొనినవారు, ప్రాణములే కోల్పోయినవారు కలరు. కూడదని నిషేధించిన పెద్దలు కలరు గాని, నిషేధించినంత మాత్రమున కుతూహలము చల్లారునా?

ఈ చిక్కునకు మార్గము చూపినది ప్రభుత్వము కాదు. ఒక చెప్పుల దుకాణము యజమాని. నెబ్రాస్కా రాష్ట్రమున నార్ఫోక్ అను ఊరిలో ఆర్విల్ కార్లైల్ అను నతడు పాదరక్షలు అమ్ముచు, తీరిక వేళల బాణసంచాతో ప్రయోగములు చేయుచుండెను. అతని సోదరుడు రాబర్టు విమానముల నమూనాలు చేయువాడు. రాకెట్టు గమనమును గూర్చి ఉపన్యసించు నపుడు చూపుటకు ఒక నమూనా కావలెనని కోరెను. సోదరుని కోరిక తీర్చుటకై 1954లో ఆర్విల్ ఒక చిన్న రాకెట్టును తయారు చేసెను. దాని ఇంజను మన దీపావళి తారాజువ్వవలె కాగితపు గొట్టములో దట్టించిన తుపాకిమందు. కాని తారాజువ్వకు లేనిది ఒకటి దీనికి కలదు: పైకి పోయిన పిదప పారాచూటు విప్పుకొని మెల్లగా నేలకు దిగుట. మందుగొట్టము మార్చి మఱల ఎగురవేయ వచ్చును.

బాలుర ప్రమాదములను గూర్చి పత్రికలో వ్రాయుచుండిన హారీ స్టైన్ అను నతనికి కార్లైల్ తన నమూనాను పంపెను. స్టైన్ న్యూమెక్సికోలోని వైట్ సాండ్స్ ప్రయోగక్షేత్రమున పనిచేసినవాడు. పెద్ద రాకెట్ల రక్షణ నియమములు తెలిసినవాడు. బాలురకు కావలసినది ఇదేయని అతడు గ్రహించెను. కొలరాడో రాష్ట్రపు డెన్వర్ నగరమున ఒక చిన్న సంస్థను నెలకొల్పి ఈ నమూనాలను అమ్మ మొదలిడెను. 1957లోనే ఔత్సాహికుల జాతీయ సంఘమునకు పునాది పడినది. ఇంజనులు చాలకపోగా, బాణసంచా వ్యాపారము చేయు కుటుంబములో పుట్టిన వెర్నన్ ఎస్టిస్ వానిని చేయుటకు ఒక యంత్రము నిర్మించెను. దానికి మేబెల్ అని ముద్దుపేరు. 1959లో పని మొదలిడిన ఆ యంత్రము కొన్ని సెకండ్ల కొక యింజను చొప్పున తయారు చేసెను. కొలది కాలమునకు ఎస్టిస్ సంస్థ పెన్‌రోజ్ అను చిన్న ఊరికి తరలి, అచ్చటినుండి దేశమంతటికిని తపాలా ద్వారా పెట్టెలు పంపసాగినది.

ఈ వినోదమునకు నియమములు కూడ ఏర్పడెను. మందును ఇంట కలుపరాదు. కర్మాగారములో తయారైన ఇంజనునే వాడవలెను. దేహమునకు కాగితము, తేలిక కఱ్ఱ, ప్లాస్టిక్కు వంటివే కాని లోహము పనికిరాదు. అగ్గిపుల్లతో అంటింపరాదు; దూరమున నిలిచి విద్యుత్తుతోనే అంటింపవలెను. ప్రతి రాకెట్టునకును సురక్షితముగా దిగు సాధనము ఉండవలెను. ఈ చివరి నియమమే మన కథకు మూలము.

రాకెట్టు చేతికి వచ్చిన బాలునకు తరువాత కలుగు కోరిక, అందులో ఎవరినైన ఎక్కింపవలె నని. 1961లో గగారిన్, షెపర్డ్ అంతరిక్షమునకు పోయి వచ్చిన తరువాత ఆ కోరిక మఱింత పెరిగెను. కొందరు చిట్టెలుకలను ఎక్కించిరి. ప్రయోగారంభమున కలుగు అదటునకు ఆ మూగజీవములు గాయపడుట, చచ్చుట సంభవించెను. దీనివలన విజ్ఞానమునకు లాభము లేదు. హింస మాత్రము మిగులునని పెద్దలు ఆక్షేపించిరి. క్రిమికీటకములు తప్ప ప్రాణులను ఎక్కింపరాదని రక్షణ నియమావళిలో చేర్చిరి. మఱి ప్రయాణికు డెవరు? ఆ స్థానమునకు పచ్చి కోడిగ్రుడ్డు వచ్చెను. అది సుకుమారము, చవుక, ప్రతి యింట దొరకును, ఏ తప్పు జరిగినను దాచక చెప్పును. 1960 దశకపు తొలి సంవత్సరములలోనే గ్రుడ్డును మోయు పోటీలు మొదలయ్యెను. ఎంత ఎత్తు పోయినను, ఎంత సేపు గాలిలో నిలిచినను, పెంకు పగిలినచో ఆ ప్రయోగము లెక్కకు రాదు.

వ్యాపారసంస్థలు ఈ పోటీలకై ప్రత్యేకముగా పెట్టెలు తయారు చేసెను. 1970 ప్రాంతమున ఎస్టిస్ సంస్థ అమ్మిన స్క్రాంబ్లర్, తరువాత వచ్చిన ఆమ్లాయిడ్ ఇట్టివి. ఈ పేర్లలోని చమత్కారము మన వంటయింటికిని తెలియును. మొదటిది కోడిగ్రుడ్డు పొరటును, రెండవది గ్రుడ్డట్టును స్ఫురింపజేయు పేరు. ప్రయోగము విఫలమైనచో మిగులునది ఏమో పెట్టె మీదనే అచ్చువేసి అమ్మిరన్నమాట!

స్క్రాంబ్లరును గూర్చి ఒక మాట చెప్పవలెను. పోటీగ్రుడ్డు బరువు సుమారు 60 గ్రాములు. నాటి చిన్న ఇంజను ఒక్కటి ఆ బరువుతో కూడిన రాకెట్టును చక్కగా మోయజాలదు. అందుచే మూడింజనులను గుత్తిగా అమర్చిరి. ఆ మూడును ఒక్క క్షణముననే రాజుకొనవలెను. ఒకటి రాజుకొననిచో రాకెట్టు ప్రక్కకు ఒరిగి, గ్రుడ్డుతో సహా చేనిలో పడును. కావున ప్రతి యింజనులోను సన్నని తీగ దూర్చి, మూడు తీగలను కలిపి, మోటారుకారు బ్యాటరీకి తగిలించుట పరిపాటి. ఆ తీగల ముడులు సరిగా వేయుటకు పండ్రెండేండ్ల పిల్లవాడు చూపవలసిన ఓర్పు ఎంతటిదో తలిదండ్రులు ఊహింపగలరు.

ఇక గ్రుడ్డును కూర్చుండబెట్టుట మఱియొక విద్య. ప్రయోగ క్షణమున వేగము ఒక్కసారిగా పెరుగుటచే గ్రుడ్డు తన బరువునకు పదిరెట్లు మించిన ఒత్తిడిని ఓర్చుకొనవలసి యుండును. పెంకు స్వభావము విచిత్రమైనది. కొనలయందు సమముగా ఒత్తినచో అది చాల బలము చూపును. ప్రక్కన ఒక్కచోట చిన్న దెబ్బ తగిలినను పగులును. అందుచే గ్రుడ్డును నిలువుగా నిలిపి, చుట్టును మెత్తని పదార్థమును కూర్చి, కదలకుండ బిగింతురు. మన పల్లెలలో గ్రుడ్లను సంతకు కొనిపోవువారు బుట్టలో ఊక పోసి వానిని అందు ఒదిగించుట చూచియుందురు. సూత్రము అదియే, సంత మాత్రము ఆకాశమున కలదు.

తరువాత ప్రయోగము. మైదానమున నిలిచినవారు అంకెలను వెనుకకు లెక్కించి మీట నొక్కుదురు. బుస్సుమను ధ్వనితో రాకెట్టు ఎగిరిపోవును. మందు మండుట రెండు మూడు సెకండ్లలో ముగియును. పిమ్మట కొంతసేపు పొగ మాత్రము విడుచుచు పైకి సాగును. చివర చిన్న ప్రేలుడు కలిగి పారాచూటు బయటకు త్రోయబడును. అది విచ్చుకొనినదా, చిక్కుపడినదా? రేడియోలో పనిచేయు మాబోంట్లకు నిశ్శబ్ద మనిన భయము. ఆ మైదానమున ఆ కొన్ని క్షణముల నిశ్శబ్దమును ఎఱిగినవారు దానిని ఏబది యేండ్లకును మఱువలేదన్నచో నాకు ఆశ్చర్యము లేదు. దిగిన తరువాత పెట్టె విప్పి గ్రుడ్డును న్యాయనిర్ణేత చేతిలో పెట్టవలెను. కోడిగ్రుడ్డుకు ఈకలు పెరుకుట యని వ్యర్థముగా తప్పులెన్నుటను మనము ఎగతాళి చేయుదుము. ఇచ్చట న్యాయనిర్ణేతకు ఆ పనియే ఉద్యోగము. వెండ్రుకవాసి చీలిక కనబడినను ఒప్పుకొనడు.

1961 మే 25న అధ్యక్షుడు కెనెడీ చంద్రునిపైకి మానవుని పంపు సంకల్పమును ప్రకటించు నపుడు, అతనిని భూమికి క్షేమముగా తిరిగి చేర్చవలెనని కూడ చెప్పెను. లోకము మొదటి సగమును పండుగగా జ్ఞాపకముంచుకొనినది. గ్రుడ్డు నెగురవేసిన బాలుడు రెండవ సగమును తన చేతులతో అభ్యసించెను.

కాలము మారినది. చంద్రయాత్రలు 1972తో ఆగెను. దూరదర్శనులు, కంప్యూటర్లు పిల్లల తీరికను ఆక్రమించెను. పాత పెట్టెలు జాబితాలనుండి తొలగెను. నేడు సేకర్తల అంగడిలో ఒక వింత ధర్మము కలదు. ముద్ర విప్పని పెట్టెకు విలువ హెచ్చు. కట్టి, ఎగురవేసి, మసిబారిన దానికి విలువ తక్కువ. గ్రుడ్డును మోయుటకై పుట్టి, ఒక్క గ్రుడ్డునైన మోయని రాకెట్టు అద్దపు బీరువాలో భద్రముగా నుండును. పగులు భయము లేదు. కాని అది తన పనిని ఎన్నడును చేయలేదు. ఇందుకు సమాధానపడని వారును కలరు. వారు పాత నక్షలను సంపాదించి, అదే కొలతలకు కాగితపు గొట్టములు కోసి, అదే ఆకారమును మఱల కట్టి, మనుమలను వెంటబెట్టుకొని మైదానమునకు పోవుదురు. జ్ఞాపకమును కాపాడు మార్గములు రెండు కలవు: దాచుట ఒకటి, చేయుట రెండవది. గ్రుడ్డు రెండవ పక్షమున నిలుచునని నా నమ్మకము.

ఆ నమ్మకమునకు ఆధారము కూడ కలదు. విమానయానమునకు నూరేండ్లు నిండిన 2003లో అమెరికా పాఠశాలల విద్యార్థులకు ఒక జాతీయ రాకెట్టు పోటీ మొదలైనది. మొదటి యేట పెట్టిన పరీక్ష: రెండు పచ్చిగ్రుడ్లను 1500 అడుగుల ఎత్తునకు కొనిపోయి పగులకుండ తెచ్చుట. ఆ యెత్తునకు మించినను తప్పే, తగ్గినను తప్పే. అపోలో 11 యాత్రకు ఏబదియేండ్లు నిండిన 2019లో, ఆ ముగ్గురు యాత్రికులకు గుర్తుగా, మూడు గ్రుడ్లను ఎక్కింపుమనిరి. తాతలు ఆడిన ఆట మనుమలకు పాఠమైనది.

ఇది దూరదేశపు ముచ్చట యని మనము అనుకొన నక్కఱలేదు. 1971 అక్టోబరు 9న మన శ్రీహరికోట నుండి మొదటి చిన్న రాకెట్టు ఎగిరినది. అప్పటినుండి అచ్చట పైకి పంపుటలో మనవారు గడించిన ప్రతిష్ఠ లోకవిదితము. అదే తీరమున 2023 అక్టోబరు 21న జరిగిన ఒక ప్రయోగములో ఎత్తు ముఖ్యము కాదు. మనుష్యులు కూర్చుండవలసిన గది నమూనాను, ఎవరును లేకుండ, పైకి పంపి, ఆపద కలిగినట్లు భావించి, రాకెట్టు నుండి వేరుచేసి, పారాచూట్లతో బంగాళాఖాతమున దింపిరి. నౌకాదళము దానిని ఒడ్డునకు చేర్చెను. గగనయానమునకు పోవలసిన మన బిడ్డల క్షేమమే అచ్చటి పరీక్ష.

ఆ పరీక్షకును, చేనిలో మోకాళ్లపై కూర్చుండి పెట్టె మూత విప్పు పిల్లవాని పరీక్షకును పరిమాణమున భేదము కలదు గాని స్వభావమున లేదు. పంపినవానిది బాధ్యత, తిరిగి వచ్చువరకు ఆ బాధ్యత తీరదు. మూత విప్పినపుడు గ్రుడ్డు చల్లగా, నున్నగా, చీలిక లేక అరచేతిలోనికి వచ్చినచో ఆ దినమునకు అంతకంటె వార్త లేదు.