లైనక్స్‌ని కన్నది మినిక్స్ ఇంట్లోనే!

ప్రోగ్రామర్లు ఒకే కంప్యూటర్‌లో రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఎందుకు పెట్టుకుంటారు? ఫ్రెండ్స్, దీనికి జవాబు కావాలంటే 1991 నాటి ఫిన్లాండ్‌కి వెళ్లాలి.

హెల్సింకి యూనివర్సిటీ స్టూడెంట్ లినస్ టోర్వాల్డ్స్ ఆ జనవరిలో 386 కంప్యూటర్ కొన్నాడు. తర్వాత అందులో మినిక్స్ వేశాడు. ప్రొఫెసర్ ఆండ్రూ టానెన్‌బామ్ పాఠాలు చెప్పడానికి రాసిన చిన్న సిస్టమ్ అది. యూనివర్సిటీ కంప్యూటర్‌కి మోడెమ్‌తో కనెక్ట్ అయ్యే ప్రోగ్రామ్ అందులో నచ్చక, సొంతంగా ఒకటి రాసుకున్నాడు. అదే పెరిగి పెరిగి లైనక్స్ అయింది.

కోడ్ రాయడం, కంపైల్ చేయడం మినిక్స్‌లో. రీబూట్ చేసి టెస్ట్ చేసేది లైనక్స్‌ని. క్రాష్ అయితే మళ్లీ మినిక్స్‌కే. కొత్త ఇల్లు పూర్తయ్యేదాకా పాత ఇంట్లోనే ఉంటాం కదా, అలాగన్నమాట!

ఒకరోజు మోడెమ్‌కి వెళ్లాల్సిన డయలింగ్ కమాండ్ పొరపాటున హార్డ్ డిస్క్‌కి వెళ్లింది. మినిక్స్ పార్టిషన్ పాడైపోయింది. మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు, కానీ లినస్ చేయలేదు. అప్పటికి లైనక్స్ తన కాళ్ల మీద తాను నిలబడగలదని అతనికి అర్థమైంది.

ఇవాళ ఆండ్రాయిడ్ ఫోన్‌ల లోపల ఉన్నది ఆ లైనక్స్ కెర్నలే. రెండో సిస్టమ్ షోకి కాదు ఫ్రెండ్స్. ఒకటి పడిపోయినా ఇంకోటి ఉందన్న ధైర్యంతోనే కొత్తది కట్టగలం.