పైన తీగ కుదురుకున్న కథ

ప్రత్యేక సంచికకు పాతకాలపు సంగతి ఏదైనా వ్రాయమని సంపాదకవర్గం వారు కోరారు. రైలు ఇంజన్ల గురించి వ్రాసేవారికి కొదవలేదు. ఇంజను నెత్తిన వ్రేలాడే తీగను పట్టించుకునేవారే తక్కువ. విద్యుత్తు పుట్టించడం, మోటారు తిప్పడం ముందే కుదిరాయి. పరుగెత్తే బండికి కరెంటు తెగకుండా అందించడానికి మాత్రం మరో పాతికేళ్ళకు పైగా పట్టింది.

1879లో బెర్లిన్ ప్రదర్శనలో వెర్నర్ సీమెన్స్ నడిపిన చిన్న బండికి కరెంటు పట్టాల మధ్య వేసిన కడ్డీ నుంచి వచ్చింది. 1881లో అక్కడికి దగ్గరలోని లిష్టర్‌ఫెల్డెలో ట్రాము వేసినప్పుడు ఏకంగా నడిచే పట్టాలలోకే 180 వోల్టులు పంపారు. ఇక చెప్పేదేముంది! రోడ్డు దాటే గుర్రాలకు షాకు కొట్టి అవి బెదిరిపోయేవి. కరెంటును మనిషికీ, పశువుకూ అందని ఎత్తుకు చేర్చక తప్పలేదు.

ఆ ఏడే పారిస్ విద్యుత్ ప్రదర్శనలోనూ, 1883లో వియన్నా దగ్గర మోడ్లింగ్‌లోనూ సీమెన్స్ వారు పైన చీలిక ఉన్న ఇనుప గొట్టాలు కట్టి, వాటిలో జారే చిన్న ముక్కను బండిచేత లాగించారు. బరువైన ఏర్పాటు కావడంతో పెద్దగా వ్యాపించలేదు. అమెరికాలో కొందరు తీగ మీద చక్రాల చిన్నబండిని నడిపించి, దానికి కట్టిన వైరుతో ట్రాముకు కరెంటు దింపారు. ట్రాలీ అనే మాట దీని నుంచే వచ్చిందంటారు. అది తీగ తప్పి బండి కప్పు మీద పడుతూ ఉండేది.

అప్పుడు ఆలోచన తలక్రిందులైంది. తీగ మీద ఎక్కి నడవడం మాని, క్రింద నుంచి నొక్కితే? వాన్ డెపోల్ 1885లో టొరాంటోలో ఆ పని చేసి చూపాడు. 1888లో ఫ్రాంక్ స్ప్రేగ్ రిచ్‌మండ్ నగరపు ఎత్తుపల్లాల వీధులలో, స్ప్రింగు బలంతో పైకి నొక్కే గడకర్రతో, 12 మైళ్ళ ట్రాము నడిపి లోకాన్ని నమ్మించాడు. అయితే గడ కొసనున్న చక్రం తీగ తప్పితే కండక్టరు దిగి తాడు లాగి సరిచేయాలి. జర్మనీలో సీమెన్స్ వారు చక్రానికి బదులు వెడల్పాటి విల్లు పెట్టారు. తప్పే బాధ తగ్గింది. తీగ ఒకేచోట రాచుకుంటే విల్లుకు గాడి పడుతుంది కనుక, దాన్ని అటూ ఇటూ వంకరగా కట్టారు.

మన మద్రాసులో 1895లో వచ్చిన ట్రాములకు మొదట కరెంటు రోడ్డు క్రింది కాలువలో నుంచే వచ్చేది. తరువాత అక్కడా తీగ పైకే ఎక్కింది.

ట్రాము సంగతి వేరు, మెయిల్ బండి సంగతి వేరు. 1895లోనే అమెరికాలో బాల్టిమోరు సొరంగంలో తీగకు బదులు పైన ఇనుప కడ్డీలే బిగించారు. పొగకూ తేమకూ అవి తుప్పు పట్టడంతో కొద్ది ఏళ్ళలోనే తీసివేసి మూడో పట్టా వేసుకున్నారు.

1907లో న్యూహేవెన్ రైల్వేవారు 11,000 వోల్టులతో పని మొదలుపెట్టారు. పట్టాలమీదుగా 300 అడుగులకొక ఇనుప వంతెన నిలబెట్టి, వాటి మీద రెండేసి ఉక్కు తాళ్ళు లాగి, త్రికోణపు చట్రాలతో రాగితీగను నేలకు సమమట్టంగా బిగించారు. చూడ ముచ్చటైన పని. చిక్కంతా ఆ బిగింపులోనే వచ్చింది. క్రింద నుంచి నొక్కుతూ పోయే పాంటోగ్రాఫుకు చట్రాల నడుమ తీగ కాస్త పైకి లేచి దారి ఇచ్చేది. చట్రం దగ్గర మాత్రం కదిలేది కాదు. వేగంగా వచ్చినది అక్కడ ఠక్కున తగిలేది. రాగి నలిగి, వంగి, అరిగిపోయింది.

వారు కట్టినదంతా ఊడదీయలేదు. రాగితీగ క్రింద మరో ఉక్కుతీగ వేసి, చట్రాల దగ్గర కాకుండా రెండు చట్రాలకు నడిమధ్యన, రాగితీగ మెత్తగా ఉన్నచోట, క్లిప్పులతో తగిలించారు. పాంటోగ్రాఫు ఇక ఉక్కుతీగనే రాసుకుంటూ పోయింది. చదవడానికి ఇది రెండు వాక్యాలు. 20 మైళ్ళకు పైబడిన నాలుగు లైన్ల దారిలో, బండ్లు తిరుగుతుండగా, పైకెక్కి ఆ క్లిప్పులు బిగించినవారి పేర్లు ఏ చరిత్రలోనూ కనబడవు. నాకు ఇంజనీర్ల కంటే వారే గొప్పగా తోస్తారు.

ఈసారి విజయవాడ ప్లాట్‌ఫారం మీద బండి ఆలస్యమైతే తలెత్తి చూడండి. 25,000 వోల్టుల తీగ స్తంభానికొక ప్రక్కకు జరుగుతూ పోతుంది. అక్కడక్కడ స్తంభాలకు వ్రేలాడే బరువుల దొంతరలు ఎండకూ చలికీ తీగ బిగువు మారకుండా చూస్తాయి. న్యూహేవెన్‌వారు అంత కష్టపడి సమంగా బిగించిన తీగను, మనవారు రెండు స్తంభాల నడుమ అంగుళాల లెక్కన క్రిందికి వ్రేలాడేటట్లు కావాలనే కడతారు.