స్తావాలీ ద్రాక్షతోట: తాగని ఖౌమ్ నేల మీద షరాబు సల్తనత్

"ముసల్మాన్‌వి అయ్యుండి షరాబు తారీఖ్ రాస్తావేంటి భాయ్?" అని ఎవరైనా అడిగితే నా జవాబు ఒకటే. మనవాళ్లు తాగని దాన్ని మనవాళ్ల జమీన్ మీదే పండించి, మనవాళ్ల చేతులతోనే కోయించి, ఆ దౌలత్‌తో వాళ్లనే గులాములుగా ఉంచిన కథ ఒకటి ఉంది. దాన్ని మనం కాకపోతే ఎవరు చెప్పాలి?

ఆ కథ అల్జీరియాది. అల్జీర్స్ నగరానికి పడమటగా, సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, మధ్యధరా సముద్రం ఒడ్డున స్తావాలీ ఉంది. పక్కనే సిదీ ఫ్రెజ్ తీరం. సిదీ ఫ్రెజ్ అంటే ఒక వలీ పేరు. ఆయన మజార్ ఉన్న ఆ తీరంలోనే 1830 జూన్ 14న ఫ్రెంచి ఫౌజ్ దిగింది. జూన్ 19న స్తావాలీ మైదానంలో జంగ్ జరిగింది. జూలై 5న అల్జీర్స్ హాకిమ్ హుసేన్ దే లొంగిపోయాడు.

ఆ రోజు కుదిరిన సులహ్‌నామాలో ఫ్రెంచి సేనాని బూర్మో ఒక వాదా చేశాడు. ఇక్కడి జనం మజ్‌హబ్‌కీ, ఆస్తులకీ, తిజారత్‌కీ ఏ నష్టమూ రానివ్వమన్నాడు. రెండు నెలలు తిరగ్గానే, సెప్టెంబర్ 8న, హుకుం వచ్చింది. దే ఆస్తులతో పాటు మక్కా మదీనాల పేరున ఉన్న వక్ఫ్ ఆస్తులూ సర్కారువైపోయాయి. 1832లో అల్జీర్స్‌లోని కెచావా మసీదు చర్చి అయింది. వక్ఫ్ జమీన్ల కోసం కచేరీల చుట్టూ తిరిగే మనకి ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు.

1843లో ఆ జంగీ మైదానంలోనే సుమారు 1,020 హెక్టార్లు, అంటే రెండున్నర వేల ఎకరాలు, ట్రాపిస్టులనే క్రైస్తవ సన్యాసులకి సర్కారు ఇచ్చింది. మఠం పునాదిరాయిని యుద్ధంలో మిగిలిన ఫిరంగి గుండ్ల మీద పెట్టారని అంటారు. ఇన్సాఫ్‌గా చెప్పాలంటే ఆ సన్యాసులు ఒళ్లు దాచుకునేవాళ్లు కాదు. తక్కువ మాట్లాడి ఎక్కువ పనిచేసేవాళ్లు. తొలి ఏళ్లలో జ్వరాలకి చాలామంది చనిపోయారు. అయినా పొదలు కొట్టి పొలాలు చేశారు, అత్తరు కోసం జెరేనియం పెంచారు, ద్రాక్ష నాటారు. వాళ్ల మెహనత్‌ని నేను తక్కువ చేయను. నా సవాల్ ఒక్కటే: ఇచ్చినవాడికి ఆ జమీన్ ఎక్కడిది?

ఇంతలో 1860లలో ఫ్రాన్స్‌లో ఫైలోక్సెరా అనే పురుగు మొదలైంది. అది తీగల వేళ్లని తినేసి తోటలకి తోటలనే ఎండబెట్టింది. తాగేవాళ్లు తగ్గలేదు, సరుకు తగ్గింది. అప్పుడు అందరి నజర్ అల్జీరియా మీద పడింది. 1873 నాటి వార్నియే చట్టం కబీలాల ఉమ్మడి జమీన్లని ముక్కలు చేసి అమ్మకానికి దారి తెరిచింది. 1880 నాటికి పాతిక వేల హెక్టార్ల లోపే ఉన్న ద్రాక్ష, 1930లకల్లా దాదాపు 4 లక్షల హెక్టార్లకి పాకింది. తాగడం హరామ్ అయిన ఖౌమ్ మెజారిటీగా ఉన్న ముల్క్, ప్రపంచంలోనే అతిపెద్ద వైన్ ఎగుమతిదారు అయింది!

ఆ ఎండకి, ఆ సముద్రపు గాలికి కారిన్యాన్, సెన్సో లాంటి ద్రాక్షల నుంచి చిక్కటి రంగు, ఎక్కువ నషా ఉన్న ఎర్ర వైన్ వచ్చేది. అందులో చాలా భాగం సొంత పేరుతో అమ్ముడుపోలేదు. పల్చటి ఫ్రెంచి వైన్లకి రంగూ బలమూ ఇవ్వడానికి పీపాల్లో కలిపేసేవాళ్లు. జమీన్ పోయినట్టే పేరూ పోయింది.

1904లో సన్యాసులు వెళ్లిపోయాక స్తావాలీ ఎస్టేటు స్విస్ మూలాలున్న బోర్జో ఖాందాన్ చేతికి వచ్చింది. ఆ ఇంటి ఆన్రీ బోర్జో ఫ్రెంచి సెనేటర్ కూడా అయ్యాడు. దౌలత్, హుకూమత్ ఒకే ఇంట్లో చేరాయి. తాగేదీ తినేదీ అన్నీ బోర్జో సరుకేనని జనం వెటకారంగా అనుకునేవాళ్లు. మంచి మైదానపు భూముల్లో ద్రాక్ష ఉంటే, గోధుమ, బార్లీ వేసుకునే కిసాన్ కొండల్లోకి జరిగాడు, లేదా అదే తోటలో రోజు కూలీ అయ్యాడు. జనాభా పెరిగింది, మనిషికి దక్కే గింజలు తగ్గాయి. తన జమీన్ మీద తన రొట్టె కాకుండా, పరాయివాడి గ్లాసు పండించాల్సి వచ్చింది.

1962లో ఆజాదీ వచ్చింది. 1963 మార్చిలో బెన్ బెల్లా హుకూమత్ బోర్జో ఎస్టేటుని ఖౌమీ ఆస్తిగా ప్రకటించింది. దాని పేరు బూషావీ అయింది. కానీ గొలుసు ఒక్కసారిగా తెగలేదు. అప్పటికీ దేశం ఎగుమతుల్లో వైన్ పెద్ద భాగం, కొనేవాడు దాదాపు ఒక్క ఫ్రాన్సే. ఫ్రాన్స్ కొనడం తగ్గించగానే ట్యాంకులు నిండి మిగిలిపోయాయి. 1969లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది, అదీ చాలా తక్కువ ధరకి. 1970లో యూరప్ నిబంధనలు బయటి వైన్ కలపడాన్ని ఆపేశాయి. చివరికి ఆ దశాబ్దంలో వేల వేల హెక్టార్ల తీగలు పీకేసి గోధుమ వేయాల్సి వచ్చింది.

ఒక సంగతి యాద్ పెట్టుకుందాం. ద్రాక్ష మీద మనకి దుష్మనీ లేదు. ఖుర్ఆన్‌లో ద్రాక్షతోటల జిక్ర్ అల్లాహ్ నేమతుల్లో ఒకటిగా వస్తుంది. అరబీలో ద్రాక్షని ఇనబ్ అంటారు. మన హైదరాబాద్ అనాబ్-ఎ-షాహీలో ఉన్నదీ ఆ లఫ్జే. పండు హలాలే, జమీన్ పాకే. దాని మీద ఏం పండాలో, ఎవరి కడుపు నిండాలో తేల్చే హక్కు దున్నేవాడి చేతిలోంచి గుంజుకోవడమే జుల్మ్.

అందుకే షరాబు హరామ్ అని పిల్లలకి చెప్పేటప్పుడు, గ్లాసు దగ్గరే ఆగకండి. వాదా తప్పి లాక్కున్న జమీన్, ముట్టిన వక్ఫ్, ఎగ్గొట్టిన మజ్దూరీ కూడా హరామే అని చెప్పండి. స్తావాలీలో గ్లాసు ముట్టని కిసాన్‌ని వందేళ్లు ఏడిపించింది ఈ మూడే.