ఈ పేజీ ఎవరిది?

కార్ల్ మార్క్స్‌కు ఇష్టమైన రంగు ఎరుపు. ఇష్టమైన తిండి చేపలు. మెచ్చిన వీరులు ఇద్దరు: బానిసల తిరుగుబాటు నడిపిన స్పార్టకస్, గ్రహాల దారులు లెక్కగట్టిన కెప్లర్. ఇవి ఆయన ఏ గ్రంథంలోనో రాసినవి కావు. 1865లో ఆయన కూతుళ్లు ఆడించిన ప్రశ్నల ఆటలో చెప్పిన జవాబులు. తర్వాత ఆయన స్నేహితుడు ఎంగెల్స్ కూడా అదే ఆట ఆడాడు. ఆనందమంటే ఏమిటన్న ప్రశ్నకు ఒక ద్రాక్షసారా పేరూ, అది ఏ ఏటిదో ఆ సంవత్సరమూ రాశాడు.

బొగ్గు బాయిల మీద ఎర్రజెండా కనిపించని గేటు ఉండదు. గేట్ మీటింగుల మైకులో మార్క్స్ పేరు వింటూనే నేను గోలేటిలో పెరిగాను. ఆయన కూడా మాలాగే స్లామ్ బుక్కు నింపాడని మాత్రం ఏ నాయకుడూ చెప్పలేదు. చెప్పి ఉంటే మా పదో తరగతి ఆడపిల్లలమంతా ఆ సాయంత్రమే సంఘంలో పేరు రాయించుకునేవాళ్లం.

ఇష్టాయిష్టాలు కాగితం మీద పెట్టే ఈ సరదాకు పెద్ద చరిత్రే ఉంది. 16వ శతాబ్దంలో జర్మన్ విశ్వవిద్యాలయాల్లో చదువు ముగించుకుని పోయే విద్యార్థులు గురువుల చేతా తోటివాళ్ల చేతా నాలుగు మాటలు రాయించుకునే పుస్తకాలు వెంట ఉంచుకునేవారు. మన ఆటోగ్రాఫ్ పుస్తకం వాటి వంశంలోదే. 19వ శతాబ్దానికి అది ప్రశ్నలూ గడులూ ఉన్న పుస్తకంగా మారి ఇళ్లలోకి వచ్చింది. ఫ్రెంచి నవలాకారుడు మార్సెల్ ప్రౌస్ట్ పిల్లవాడుగా ఉన్నప్పుడు, 1886 ప్రాంతంలో, ఒక స్నేహితురాలి పుస్తకంలో అలాగే జవాబులు నింపాడు. ఆ కాగితాలు 2003లో వేలంలో లక్ష యూరోలు దాటి పలికాయి. అమెరికా బళ్లలో 20వ శతాబ్దంలో తిరిగిన స్లామ్ బుక్కు మాత్రం కొంచెం దుర్మార్గపుది. తోటి పిల్లల మీద నోటికొచ్చినట్టు పేరు లేకుండా రాసి ఏడిపించడానికి పనికొచ్చేది. మన దగ్గరికి వచ్చేసరికి ఆ విషం విరిగిపోయింది. ఎవరి సంగతి వాళ్లే రాసుకోవాలి. చేయగలిగిన దుర్మార్గమల్లా నచ్చిన స్నేహితురాలి గడిలో పక్కింటి పిల్ల పేరు రాయకపోవడమే.

ఆ 1886లోనే ఇంగ్లండులో హైదరాబాద్ దక్కన్ కంపెనీ పుట్టింది, నిజాం రాజ్యంలో గనులు తవ్వే హక్కుల కోసం. ఇల్లెందు దగ్గర బొగ్గు ఉన్నదని డాక్టర్ విలియం కింగ్ 1871లోనే కనిపెట్టి పెట్టాడు. 1889లో బొగ్గు పైకి రావడం మొదలైంది. 1920 డిసెంబర్ 23న సింగరేణి కాలరీస్ పేరుతో కంపెనీ నమోదైంది. 1920ల చివర్లో బెల్లంపల్లి, 1930లలో కొత్తగూడెం, 1960 ప్రాంతంలో గోదావరిఖని. మా గోలేటి వంతు చాలా ఆలస్యంగా వచ్చింది. రెబ్బెన మండలంలో టేకు అడవి పక్కన ఒక ఊరు, దాని పక్కన కంపెనీ కట్టిన క్వార్టర్ల వరసలు. నిన్నమొన్నటి దాకా ఆదిలాబాద్ జిల్లా, 2016 నుంచి కొమరం భీం ఆసిఫాబాద్. ఏరియా పేరు బెల్లంపల్లిదే, జీఎం ఆఫీసు మాత్రం గోలేటిలో. బయటివాళ్లకు ఇది విడమరిచి చెప్పేలోపు బస్సు వచ్చేస్తుంది.

క్వార్టర్లంటే ఏమిటో చెప్పకపోతే మా స్లామ్ బుక్కు ఆట అర్థం కాదు. ఊళ్లో పుట్టిన పిల్లకు తన పక్కింటివాళ్లు ఎవరో వాళ్ల తాతతో సహా తెలుసు. క్వార్టర్లలో పక్కగోడ అవతల ఎవరుండాలో కంపెనీ కేటాయింపు కాగితం నిర్ణయిస్తుంది. మా లైనులో ఒక ఇల్లు పెద్దపల్లి వైపుది, ఒకటి లక్సెట్టిపేట వైపుది, ఒకటి గోదావరి జిల్లాలది, చివరిది మరాఠీ మాట్లాడేవాళ్లది. అవ్వలు నల్లా దగ్గర ఒకరి మాటను ఒకరు సగం సగం పట్టుకునేవాళ్లు. ఒకరికి చింతపండు పులుసు, ఒకరికి చింతచిగురు పప్పు. ఎవరికి ఏమిష్టమో అడిగి తెలుసుకోవాల్సిందే. తెలిసి ఉండడమంటూ లేదు.

మనిషిని గుర్తుపట్టే పని కంపెనీకీ ఉండేది, మరో రకంగా. గనుల చట్టం ప్రకారం ప్రతి కార్మికుడి వివరాలూ ఫారం బి అనే రిజిస్టరులో ఉండాల్సి ఉండేది. పేరు, తండ్రి పేరు, వయసు, సొంతూరు, ఒంటి మీద పుట్టుమచ్చలు, వేలిముద్ర. కుడి చెంప మీద మచ్చ, ఎడమ మోచేతి మీద గాటు. మనిషిని అంత దగ్గరగా చూసిన ఆ పుస్తకంలో అతనికి ఏమిష్టమో రాసే గడి లేదు. ఉండాలని నేననడం లేదు, కంపెనీ రిజిస్టరుకు సర్వపిండితో పనేముంది? కానీ అంత కట్టుదిట్టమైన రిజిస్టరు కూడా చాలాసార్లు తప్పు మనిషినే గుర్తుపట్టింది. సింగరేణిలో మారుపేర్ల సంగతి ఎరగనివాళ్లుండరు. ఉద్యోగం ఒకరి పేరు మీద, తట్ట మోసేది ఇంకొకరు. అన్న పేరుతో తమ్ముడు, బాయి దిగలేక ఊరికి పోయినవాడి పేరుతో ఇంకొకడు. ముప్పై ఏళ్లు ఆ పేరుకే పలికి, ఆ పేరుకే మస్టర్ పడి, రిటైర్మెంటు నాడు దండ కూడా ఆ పేరుకే వేయించుకున్నవాళ్లున్నారు. కొడుకుకు వారసత్వ ఉద్యోగం అడిగేటప్పుడు చిక్కు వచ్చి పడేది: సర్టిఫికెట్లలో తండ్రి పేరు వేరు, కంపెనీలో తండ్రి పేరు వేరు. గుర్తింపు సంఘం ఎన్నికలు ఎప్పుడు జరిగినా మారుపేర్ల హామీ లేని కరపత్రం ఉండదు.

అందుకే మా ప్రశ్నల పుస్తకంలో మొదటి తగవు తండ్రి పేరు దగ్గరే వచ్చింది. ఒక పిల్ల ఆ గడి ఖాళీగా వదిలింది. ఏ పేరు రాసినా ఎవరో ఒకరికి తప్పే. రెండో రోజుకు మేమే ఆ ప్రశ్న కొట్టేసి, దాని మీద ‘ఇష్టమైన పండు’ అని రాశాం. మంచి నిర్ణయం. పండు దగ్గర ఎవరికీ మారుపేరు లేదు.

అప్పుడు 1990లు. రంగు రంగుల స్లామ్ బుక్కులు మంచిర్యాల దుకాణాల్లో వేలాడేవి. వాటి అట్ట మీద గులాబీ, పక్కన చిన్న తాళం. అంత ధర పెట్టేవాళ్లు మాలో లేరు. లాంగ్ నోట్‌బుక్కులో స్కేలు పెట్టి గీతలు కొట్టి, ఎర్ర పెన్నుతో ప్రశ్నలు రాసేవాళ్లం. దాంట్లో ఆట మా సొంతం. పేరు గడి ఖాళీగా ఉంచాలి. పేజీ అడుగున పేరు చిన్నగా రాసి, ఆ మూల మడిచి పిన్ను కొట్టాలి. అందరివీ అయ్యాక ఒకతి చదువుతుంది, దస్తూరీ తెలిసిపోతుంది కనక ఆమె నోరు మూసుకోవాలి. మిగతావాళ్లు ఎవరిదో చెప్పాలి. ఇంతకు ముందు వీరీ వీరీ గుమ్మడిపండు ఆడినవాళ్లమే కదా. మేం ఆడిన తీరులో కళ్లు మూసుకుని, నెత్తి మీద తట్టిన చెయ్యి ఎవరిదో చెప్పాలి. ఇందులో చెయ్యి బదులు నాలుక పట్టుకోవాలి.

నచ్చిన హీరో ప్రశ్న శుద్ధ దండగ. సగం పేజీల్లో చిరంజీవి, మిగిలిన సగం వెంకటేశ్, నాగార్జున పంచుకునేవాళ్లు. నచ్చిన రంగు కూడా అంతే, అందరికీ నెమలికంఠమే. నచ్చిన టీవీ కార్యక్రమం అంటే అందరమూ చూసేది శుక్రవారం చిత్రలహరి ఒక్కటే. మనిషిని పట్టిచ్చింది చిన్నప్పటి తిండి.

‘మొర్రిపండ్లు’ అని చదవగానే పాత గోలేటి ఊరి పిల్ల వైపు అందరి తలలూ తిరిగాయి. ఎండాకాలం అడవికి పోయి తునికిపండ్లు, మొర్రిపండ్లు కొంగులో కట్టుకొచ్చేది ఆమె ఒక్కతే. ‘తేగలు’ అని వచ్చినప్పుడు మాలో సగం మందికి అదేమిటో తెలియదు. తాటి టెంకను పాతితే మొలిచేదని, కాల్చి నారలు తీసుకుంటూ తింటారని గోదావరి జిల్లా పిల్ల వివరించడం మొదలుపెట్టింది, పేజీ తనదని అక్కడే బయటపడిపోయింది. ‘మాడిన సర్వపిండి’ అని వచ్చినప్పుడు పెద్ద కొట్లాట. సర్వపిండి అందరికీ ఇష్టమే, మాడినది ఎవరికిష్టం? గంజు అడుగున నల్లగా అంటుకున్న ముక్క కోసం తమ్ముడితో గుంజుకునే పిల్ల ఎవరు? “గది నువ్వేనే, మీ ఇంట్ల నువ్వే పెద్దదానివి, మెత్తటిదంత తమ్మునికి పెట్టి నీకు మాడింది ఇస్తది మీ అవ్వ” అని ఒకతి తేల్చింది. నిజమే. తినగా తినగా అదే ఇష్టమైపోయిందట. పదిహేనేళ్ల పిల్లలం అంత లోతుకు పోయామా అని ఇప్పుడనిపిస్తుంది గానీ, అప్పుడు గెలిచిన మార్కు ఎవరి ఖాతాలో వేయాలన్నదే మా గొడవ.

చిత్తూరు న్యూట్రిన్ వాళ్ల ఆశ చాక్లెట్లు చాలా పేజీల్లో వచ్చేవి. వాటికంటే ఎక్కువ వచ్చింది క్యాంటీన్ బోండా. 250 మందికి పైగా పనిచేసే గనిలో క్యాంటీన్ పెట్టించే వీలు 1952 గనుల చట్టంలోనే ఉండేది. ఆ చట్టం రాసినవాళ్ల మనసులో కార్మికుడి కడుపు ఉండి ఉంటుంది. ఆచరణలో మాత్రం ఆ బోండా కాగితంలో చుట్టుకుని, నూనె మరకతో బాపు జేబులో క్వార్టరు చేరేది. చల్లారి, గట్టిపడి, బొగ్గు వాసన కొడుతూ. పెళ్లిళ్లలో వేడి వేడి బోండాలు ఎన్ని తిన్నా నాకు ఆ చల్లటిదే బోండా.

ఒక పేజీ మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు. ‘చిన్నప్పుడు అన్నిటికంటే ఇష్టమైనది’ అన్న ప్రశ్నకు ‘మొదటి షిఫ్టు’ అని ఉంది. షిఫ్టు మారుతూ ఉండేది. రెండో షిఫ్టు పడితే మేం బడి నుంచి వచ్చేసరికి బాపు బాయిలో ఉంటాడు, నైటు పడితే పగలంతా నిద్ర, ఇంట్లో గిన్నె చప్పుడు కాకూడదు. మొదటి షిఫ్టు ఉన్నన్నాళ్లే సాయంత్రం బాపు మనిషిగా కనిపించేది. ఆ జవాబు విని, మాలో ప్రతి ఒక్కరమూ ఇంకొకరి పేరు చెప్పాం. దస్తూరీ కూడా చెప్పలేదు, రాసిన పిల్ల అచ్చు అక్షరాల్లో రాసింది. పిన్ను తీసి చూస్తే అడుగున పేరే లేదు.

మా బాపుకు ఈ ఆట చూపిస్తే నవ్వాడు. కింద తామూ రోజూ ఆడేదే అన్నాడు. ఫిల్లింగ్ గ్యాంగులో పనిచేసినవాడు ఆయన. దూరం నుంచి మనిషి కనపడడు, నెత్తి మీది లైటు ఒక్కటే కనపడుతుంది. అది ఊగే తీరును బట్టి వచ్చేది ఎవరో చెప్పేవాళ్లట. ఈ కాలు ఈడ్చేవాడు ఫలానా, ఆ నిటారుగా నడిచేవాడు సర్దారు. టిఫిన్ డబ్బా మూత తీస్తే వాసనను బట్టి ఎవరింటిదో చెప్పేవాళ్లు. ఒకాయనకు ఎండుచేపలు ప్రాణం, ఇంట్లో భార్య వండనిచ్చేది కాదు, అందుకని గ్యాంగులో ఎవరింట్లో ఎండుచేపలైనా ఒక ముక్క ఆయనకు పక్కన పెట్టేవాళ్లు. తర్వాత బొగ్గెత్తే యంత్రాలు వచ్చాయి, గ్యాంగులు చెదిరాయి. నవ్వుతూనే ఒక సంగతి అన్నాడు: “పక్కోనికి ఏం పడుతదో, ఏం పడదో తెల్వకుంటే వాని పక్కకు నిలబడి పైకప్పు కింద పని చేసుడెట్ల బిడ్డా?” ఉప్పుకారాల సంగతికీ కప్పు కూలడానికీ సంబంధమేమిటని అడిగాను. జవాబు చెప్పకుండా చాయ్ తెమ్మన్నాడు.

1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులుండేవాళ్లు. ఇప్పుడు 40 వేల చుట్టుపక్కల. భూమి లోపలి గనుల స్థానంలో ఓపెన్ కాస్టులు వచ్చాయి. శ్రీరాంపూర్, మందమర్రి, భూపాలపల్లి అని బదిలీలు, స్వచ్ఛంద పదవీ విరమణలు. ఒక్కో క్వార్టరు ఖాళీ అయినప్పుడల్లా మా నోట్‌బుక్కులోంచి ఒక పేజీ పోయేది. అంటే, ఆ పిల్ల తన పేజీ చింపి తీసుకుపోయేది. అది మా ఆటలో లేని నియమం, దానంతటదే వచ్చింది.

ఈ మధ్య మా బ్యాచి వాళ్లం కలిశాం. ఇప్పుడు ప్రతి ఊళ్లోనూ పూర్వ విద్యార్థుల సమ్మేళనాలే కదా, ఫ్లెక్సీ కట్టి, సార్లకు శాలువాలు కప్పి, బిర్యానీ తిని ఫొటోలు దిగుతారు. మాదీ అంతే. కాకపోతే ఆ నోట్‌బుక్కు ఒకతె ఇంట్లో మిగిలింది, తెచ్చింది. చిరంజీవి పేజీలు గబగబా తిప్పేసి ‘మొదటి షిఫ్టు’ దగ్గర ఆగాం. అచ్చు అక్షరాలు అలాగే ఉన్నాయి, పిన్ను తుప్పుపట్టింది. ఈసారి నలుగురం చేతులెత్తాం, రాసింది నేనంటే నేనని. బిర్యానీ చల్లారిపోతోందని వడ్డించేవాడు మొత్తుకుంటున్నా సాక్ష్యాలు పలికాం, ఎవరి బాపు ఎప్పుడు ఏ షిఫ్టులో ఉండేవాడో లెక్కలు తీశాం. తేలక చివరికి చీటీలు రాసి ఓట్లు వేశాం. నా ఓటు నేనే వేసుకున్నాను. నాకు వచ్చింది అదొక్కటే.