కప్పపిల్ల సాక్ష్యం, నీరటి సాక్ష్యం (మన చెరువుల చరిత్ర – 6)

గడ్డపోతారంలో బస్సు దిగితే ఎక్కడికొచ్చామో ముందు ముక్కుకే తెలుస్తుంది. పోయిన నెల ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదివే మన హాస్టల్ తమ్ముడొకడు నా వెంట వచ్చాడు. కాజిపల్లి చెరువు కట్ట మీద ఒక పెద్దమ్మ కలిసింది. వాళ్ళ మామ ఈ చెరువుకు నీరటి అట.

"గీ నీళ్ళల్ల బర్రె గూడ మూతి వెట్టది బిడ్డా. ఏండ్లకేండ్లు మొత్తుకున్నం. రుజువేదన్నరు" అంది.

తెలియని పిల్లల కోసం చెప్తున్నా. నీరటి అంటే తూము తీసి, మూసి, ఏ మడికి ఎంత నీళ్ళు పారాలో చూసేవాడు. తెలంగాణలో ఆ పని ఎక్కువగా మాల మాదిగలదే. చెరువు రంగు మారినా, చేప తేలినా ముందు చూసేది అతనే. ఆ చూపు రుజువు కిందికి రాలేదు. ఆ రుజువు చివరికి ఏ దేశపు ల్యాబులో, ఏ జీవి ఒంట్లో దొరికిందో ఈ భాగంలో రాస్తున్నా.

1961లో ఐడీపీఎల్ వచ్చాక హైదరాబాద్ మందుల ఊరైంది. తర్వాతి దశాబ్దాల్లో బల్క్ డ్రగ్ యూనిట్లు పటాన్‌చెరు, బొల్లారం, కాజిపల్లి, గడ్డపోతారం దాకా పాకాయి. కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడింది. పటాన్‌చెరు డాక్టర్ అల్లాని కిషన్ రావు లాంటి వాళ్ళు దశాబ్దాలు కొట్లాడారు.

2007లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయం నుంచి జోకిమ్ లార్సన్ బృందం ఒక పేపర్ వేసింది. దాదాపు 90 మందుల యూనిట్ల మురుగు చేరే పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రంలో శుద్ధి అయ్యాక బయటికొచ్చే నీళ్ళను వాళ్ళు పరీక్షించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ తేలింది. ఆ మందు మింగిన రోగి రక్తంలో కూడా మామూలుగా అంత ఉండదు. వాళ్ళ లెక్కలో ఒక్క రోజుకు 45 కిలోలు. స్వీడన్ దేశమంతా అయిదు రోజులు వాడేంత!

2009లో అదే నీళ్ళను కప్పపిల్లల మీద పరీక్షించారు. అయిదు వందల లీటర్ల మంచి నీళ్ళలో ఒక్క లీటరు ఈ నీళ్ళు. అంతే. కప్పపిల్లల ఎదుగుదల 40 శాతం తగ్గిపోయింది. అంతే పలుచన చేసిన నీళ్ళలో ట్రౌట్ చేపలను ఉంచితే వాటి కాలేయ కణాల్లో జన్యువుల పనితీరే మారింది. పెద్దమ్మ బర్రె మూతి చూసి చెప్పిందే ఇది. కప్పపిల్ల చెప్తే పత్రికలో అచ్చయింది.

2014లో కాజిపల్లి చెరువు మట్టి వంతు వచ్చింది. సిప్రోఫ్లాక్సాసిన్ ఏం చేస్తుందంటే, బ్యాక్టీరియా రెండుగా చీలేటప్పుడు దాని డీఎన్‌ఏ మెలికలు విప్పే గైరేజ్ అనే ఎంజైమును పట్టేస్తుంది. కొన్ని బ్యాక్టీరియాల్లో ఆ ఎంజైముకు కాపలా కాసే జన్యువులుంటాయి. మందు నీళ్ళలో బతికి బట్టకట్టేది అవే. ఇలాంటి నిరోధక జన్యువులన్నీ కలిపి, ఒక స్వీడన్ చెరువులో కంటే ఇక్కడ సుమారు 7000 రెట్లు ఎక్కువని తేలింది.

ఇక్కడ మనవాళ్ళు మీటింగుల్లో ఒక తప్పు మాట్లాడుతున్నారు, నేనూ మాట్లాడాను. "మా వాడల జనం కడుపుల్లో కూడా ఆ జన్యువులే నిండాయని సైన్స్ తేల్చింది" అని. తేల్చలేదు. అదే ఏడు ఇంకో పేపర్‌లో ఊళ్ళ జనం మలం పరీక్షించారు. సిప్రోఫ్లాక్సాసిన్‌ను తట్టుకునే క్యూఎన్ఆర్ జన్యువులు కాలుష్యపు ఊళ్ళలో ఎక్కువ ఉన్నట్టు ఆధారం దొరకలేదు. మొత్తం భారతీయ నమూనాల్లో 91 శాతంలో అవి ఉన్నాయి. స్వీడన్ నమూనాల్లో 24 శాతం. మనిషి నుంచి మనిషికి పాకడమే పెద్ద దారి కావచ్చన్నారు. మనకు పనికొచ్చే పేజీ చూపించి మిగతాది మడిచి పెడితే, రుజువేదని అడిగినవాళ్ళ చేతికి మనమే కర్ర ఇచ్చినట్టు. అయినా ఆ పేపర్ మనకు వ్యతిరేకం కాదు. కలుషిత వాగులకు మూడు కిలోమీటర్ల లోపు ఊళ్ళన్నిట్లో బావి నీళ్ళలో, మట్టిలో ఈ మందులు దొరికాయని అందులోనే ఉంది.

ఇంత అచ్చయ్యాక ఏమైంది? 2020 జనవరిలో కేంద్రం మందుల ఫ్యాక్టరీల మురుగులో యాంటీబయాటిక్‌లకు హద్దులు పెడుతూ ముసాయిదా తెచ్చింది. 2021 ఆగస్టులో తుది నిబంధనలొచ్చాయి. హద్దులు అందులో లేవు.

1927 మార్చి 20న మహద్‌లో బాబాసాహెబ్ చవదార్ చెరువు నీళ్ళు దోసిట్లోకి తీసుకున్నారు. ఈ చెరువు కట్ట మీద నిలబడి ఆ తేదీ గుర్తు చేసుకోవడం నాకు కష్టమైంది.

తమ్ముడు సంచిలోంచి సీసాలు తీసి తూము వైపు దిగబోయాడు. పెద్దమ్మ ఆపింది.

"ఆడ కాదు బిడ్డా. గా పక్కకు మోరీ ఉన్నది, రాత్రిపూట ఆడికెల్లే ఇడుస్తరు. వాన వడ్డ తెల్లారి రా, నేను జూపెడ్త."

వాడు నోటుబుక్కులో చోటు, వేళ రెండూ రాసుకున్నాడు.

వచ్చే భాగంలో 1990 కేసు కథ. జై భీమ్.