రోగం కబురు ఎవరు చెప్పాలి?

వైద్య పుస్తకాల్లో 'యాస్' అనే చర్మరోగానికి మన దేశంలో వాడుకలో ఉన్న పేర్లు ఇస్తారు. గోండీ రోగ్, కోయ రోగం అని అందులో కనిపిస్తాయి. పిల్లల కాళ్ల మీద, మూతి చుట్టూ పుండ్లు లేస్తాయి. ఒకరి పుండు తగిలితే మరొకరికి అంటుకుంటుంది. ప్రాణం తీయదు గానీ, వదిలేస్తే ఎముకల దాకా వెళ్లి కాళ్లు వంకరపోతాయి. ఒక్క పెన్సిలిన్ సూదితో నయమవుతుంది. ఆ సూది అందని చోట మిగిలిపోయింది కాబట్టి, అక్కడ బతికేవాళ్ల పేరు దానికి అంటించారు. పల్లపు ఊళ్లను ఊడ్చేసిన కలరాకు ఎవరి కులం పేరూ పెట్టలేదు.

అంటురోగం కనబడితే డాక్టరు, ఆస్పత్రి, లాబ్ ప్రభుత్వానికి తెలియజేసి తీరాలని చట్టాలున్నాయి. వాటి చరిత్ర మన బడుల్లో చెప్పరు. ఇంగ్లండులో 1889లో ఇలాంటి చట్టం వచ్చింది. లండనులో తప్పనిసరి, మిగతా ఊళ్లకు ఇష్టం. పదేళ్లకు, 1899లో, అందరికీ తప్పనిసరి చేశారు. రిపోర్టు రాసిన డాక్టరుకు చీటీకి ఇంత అని రుసుము కూడా ముట్టేది!

మన దేశానికి వచ్చేసరికి కథ మారింది. 1896లో బొంబాయిలో ప్లేగు పుట్టింది. మరుసటి ఏడు సర్కారు అంటురోగాల చట్టం చేసింది. నాలుగే సెక్షన్లు, అధికారం మాత్రం అంతులేనిది. పుణేలో సోల్జర్లు ఇళ్లలో చొరబడి రోగులను వెతికారు, సామాన్లు తగలబెట్టారు. జనం రోగులను దాచిపెట్టారు. అక్కడి ప్లేగు అధికారి రాండ్‌ను 1897 జూన్‌లో కాల్చారు. రోగం కబురు చెబితే సోల్జరు వస్తాడని తెలిశాక నోరు విప్పేదెవరు? మన పెద్దవాళ్లు సర్కారు పుస్తకంలో పేరెక్కడానికి భయపడ్డారంటే దాన్ని మూఢనమ్మకం అనేవాళ్లు ఈ సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

డాక్టర్ల మీద బాధ్యత పెడుతూ తెలుగు జిల్లాలకు వచ్చింది 1939 మద్రాసు ప్రజారోగ్య చట్టం. కానీ మన్యం సంగతి వేరు. 1839లో గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలను మామూలు చట్టాల నుంచి తప్పించి ఏజెంటు చేతికిచ్చారు. 1874 షెడ్యూల్డు జిల్లాల చట్టం ఆ పద్ధతినే సాగించింది. 1935 భారత ప్రభుత్వ చట్టం వచ్చాక గోదావరి, విశాఖ ఏజెన్సీల్లో గవర్నరు ప్రకటిస్తే తప్ప కొత్త చట్టం ఏదీ దానంతటది అమల్లోకి వచ్చేది కాదు. ఈ ప్రత్యేకతను మేం తక్కువ చేయడం లేదు. 1917 ఏజెన్సీ భూ బదలాయింపు చట్టం అలాంటి ఏర్పాటు నుంచే వచ్చింది, అంతో ఇంతో భూమి మన చేతిలో మిగిలిందంటే దాని పుణ్యమే. అయితే గూడెంలో డాక్టరే లేనప్పుడు, ప్రకటించినా ప్రకటించకపోయినా ఆ చట్టం ఎవరిని పట్టుకుని అడుగుతుంది?

కింది ఊళ్లలోనైనా చావుల పుస్తకం రాసింది గ్రామ మునసబే. కలరా, మశూచి గుర్తుపట్టడం తేలిక. మిగిలిన చావుల్లో ఎక్కువ భాగం 'జ్వరం' గడిలో పడేవి. మలేరియా, టైఫాయిడ్, న్యుమోనియా అన్నిటికీ అదే మాట. 1879 రంప పితూరీని అణచడానికి వచ్చిన సిపాయిలు జ్వరాలతో పడిపోయారని సర్కారు కాగితాల్లో ఉంది. పటాలం వెంట డాక్టరున్నాడు కాబట్టి వాళ్ల జ్వరం లెక్కకెక్కింది. అదే కొండ మీద అదే జ్వరంతో పోయిన మనవాళ్లకు లెక్క లేదు.

మళ్లీ కోయ రోగం దగ్గరికి వద్దాం. 1952 నుంచి 1964 దాకా ఊరూరా తిరిగి పెన్సిలిన్ వేశారు. రోగం బాగా తగ్గింది. తగ్గింది కదా అని వెతకడం మానేశారు, అది మళ్లీ మొలిచింది. 1996లో ఒడిశాలోని కోరాపుట్ జిల్లాలో రెండోసారి మొదలుపెట్టి, ఆంధ్రప్రదేశ్ సహా పది రాష్ట్రాలకు విస్తరించారు. ఈసారి రోగి ఆస్పత్రికి వస్తాడని కూర్చోలేదు. పుండు ఫొటోలు పట్టుకుని గూడేలకు, సంతలకు, బడులకు వెళ్లి ఇలాంటిది ఎవరికైనా ఉందా అని అడిగారు. అంతకు ముందు మశూచిని తరిమిందీ ఇలాగే. కేసు చూపిస్తే 1975లో వెయ్యి రూపాయల బహుమానం దాకా వెళ్లింది. 1996లో దేశం మొత్తం మీద 3,571 యాస్ కేసులు దొరికాయి. 2003లో 46. ఆ తర్వాత ఒక్కటీ లేదు. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశంలో యాస్ లేదని ధ్రువీకరించింది. ఆ కబుర్లు మోసినవాళ్లలో ఎక్కువమంది డాక్టర్లు కాదు.

ఇప్పటి పద్ధతి 2004లో మొదలైంది. మొదటి విడతలోనే ఆంధ్రప్రదేశ్ చేరింది. మూడు ఫారాలు ఉంటాయి. లక్షణాలు చూసి ఏఎన్ఎం రాసేది 'ఎస్', డాక్టరు రాసేది 'పి', లాబ్ రాసేది 'ఎల్'. సోమవారం నుంచి ఆదివారం దాకా వారం లెక్క ఉండేది. ఇప్పుడు అది ఫోనులోకి మారింది, సిగ్నలు కోసం ఏఎన్ఎం గుట్ట ఎక్కాలి. క్షయ కేసును ప్రైవేటు డాక్టర్లు, లాబ్‌లు కూడా తెలపాలని 2012 మేలో ఆదేశించారు. 2018 మార్చిలో మందుల షాపులనూ చేర్చి, తెలపకపోతే శిక్ష అన్నారు. అదే ఏడు నుంచి, నమోదైన క్షయ రోగికి తిండి కోసం నెలకు 500 రూపాయలు ఇస్తున్నారు. 2024లో దాన్ని వెయ్యి చేశారు. పేరు రాయించుకుంటే ఏదో ఒకటి చేతికి తిరిగి రావడం పుణే రోజుల నుంచి ఇప్పటికి జరిగిన పెద్ద మార్పు అని మా అభిప్రాయం. కాకపోతే మన గూడెంలో జ్వరమొస్తే ముందు పోయేది వెజ్జు దగ్గరికో, సంతలో ఆర్ఎంపీ దగ్గరికో. ఆ ఇద్దరికీ ఏ ఫారమూ లేదు.

మాలో కొందరం ఆశ్రమ పాఠశాలల్లో చదివి, అక్కడే పాఠాలు చెబుతున్నవాళ్లం. మేం చదివే రోజుల్లో ఒక వానాకాలం హాస్టల్లో వరసగా జ్వరాలు వచ్చాయి. పేరు పైకి పోతే ఎంక్వయిరీ వస్తుందని వార్డెను పిల్లలను ఇళ్లకు పంపించేశాడు. రిజిస్టర్లో 'సెలవు' అని రాశారు. మా తరగతి అమ్మాయి ఒకతె తిరిగి రాలేదు. మరుసటి ఏడు ఆమె పేరు మీద ఎర్ర సిరాతో గీత గీసి 'డ్రాపౌట్' అని రాశారు. ఏ జ్వరమో మాకు ఇప్పటికీ తెలియదు.

ఇప్పుడు మా బడిలో జ్వరాల కోసం వేరే నోటుబుక్కు పెట్టాం. పేరు, గూడెం, జ్వరం మొదలైన రోజు, రక్తం తీశారా లేదా అని నాలుగు గడులు. శనివారం ఏఎన్ఎం అక్క వచ్చి ఆ పేజీ చూసి తన ఫోనులో ఎక్కించుకుంటుంది. ఎనిమిదో తరగతి పిల్లలే రాస్తారు.